వైన్ తోట, గోల్ఫ్ మైదానం, సముద్రం: తిరుపతి కుటుంబానికి ఏ ఊరు నప్పుతుంది?

మెల్‌బోర్న్‌లో కొడుకు, బెంగళూరులో కూతురు, గోల్ఫ్ పిచ్చి పట్టిన అల్లుడు, రిటైరైన నాయన, శనివారం ఒక్కపొద్దు ఉండే అమ్మ. తిరుపతి, చిత్తూరుల్లో ఇప్పుడు చాలా ఇళ్ల లెక్క ఇట్లాగే ఉంది. అందరూ కలిసి ఓ వారం ఎక్కడికైనా పోదామని వాట్సాప్ గ్రూపులో మాట మొదలవుతుంది. వైన్ తోటలు, పక్కనే గోల్ఫ్, బీచ్ ఉన్న చోటైతే బాగుంటుందని అల్లుడు అంటాడు. "తాగేవాళ్ల ఊర్లో నాకేం పని నాయనా?" అని అమ్మ వాయిస్ మెసేజ్ పెడుతుంది. అంతే, గ్రూపులో ఎవరూ మాట్లాడరు.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఇలాంటి ఊళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఏ వైన్ గొప్పదో చెప్పి వదిలేస్తారు. నా లెక్క వేరు. ఆస్ట్రేలియాలో మార్నింగ్టన్ పెనిన్సులా, మార్గరెట్ రివర్, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్, పోర్చుగల్‌లో సెటూబల్: కింద చెప్పబోయే ఈ నాలుగు చోట్లా వైన్ బాగానే ఉంటుంది, దాన్ని బట్టి తేల్చుకోవాల్సిన పని లేదు. మీకు సెలవు దొరికేది ఏ నెలలో, తాగనివాళ్లకు అక్కడ పొద్దెట్లా గడుస్తుంది, ఈ రెండు తేలితే ఊరు దానంతట అదే తేలిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

నెల సంగతి మొదట. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా భూమధ్యరేఖకు దిగువన ఉన్నాయి. మనకు సంక్రాంతి అంటే వాళ్లకు నడి ఎండాకాలం. మన పిల్లలకు బడి సెలవులిచ్చే మే నెలలో వాళ్లకు చలి మొదలవుతుంది, ద్రాక్ష తీగలు ఆకు రాలుస్తూ మోడవుతుంటాయి, బీచ్‌లో స్వెట్టర్ వేసుకుని నడవాలి. వేసవి సెలవుల్లోనే పోగలమంటే ఆ రెండు దేశాల్లో సముద్ర స్నానం ఆశ వదులుకోండి, లేదా సెలవుల చివర్లో, జూన్ మొదట్లో పోర్చుగల్ వైపు చూడండి. సంక్రాంతికో, ఫిబ్రవరి, మార్చిలోనో వీలైతే దక్షిణం వైపు పోవచ్చు. దసరాకైతే రెండు వైపులా దారి ఉంది.

ద్రాక్ష కోత దక్షిణాన సుమారుగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, పోర్చుగల్‌లో ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా. జూన్‌లో దామలచెరువు మామిడి మండీ చూసినవాళ్లకు కోత కాలమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ట్రాక్టర్లు, తొట్లు, పులిసే వాసన, ఎవరికీ క్షణం తీరికుండదు. చూడ్డానికి అదే మంచి సమయం, కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడే మనిషి దొరకడం మాత్రం కష్టం.

రెండోది గోల్ఫ్ తినేసే టైము. 18 హోల్స్ ఆట నాలుగు నుంచి ఐదు గంటలు. మైదానం బసకు దూరమైతే పొద్దంతా పోయినట్టే. అల్లుడు ఆడుతున్నంతసేపు మిగతావాళ్లు ఏం చేస్తారన్నది ముందే తేలకపోతే ఆ సాయంత్రం ఇంట్లో రుసరుసలు తప్పవు.

మూడోది నీళ్లు. ఫొటోలో నీలంగా కనిపించే సముద్రమంతా దిగి ఆడుకునేది కాదు. కొన్ని చోట్ల అల లాగేస్తుంది, కొన్ని చోట్ల నీళ్లు ఐసు. నాలుగోది తిండి: పెరుగన్నం లేకుండా ఎన్ని పూటలు గడపగలరో ఎవరికి వాళ్లు నిజాయితీగా చెప్పుకోవాలి. ఇక కారు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో మనలాగే ఎడమ వైపు నడుపుతారు. పోర్చుగల్‌లో కుడి వైపు.

| | మార్నింగ్టన్ పెనిన్సులా | మార్గరెట్ రివర్ | కేప్ టౌన్, హెర్మానస్ | సెటూబల్ |
|---|---|---|---|---|
| ఎక్కడ | మెల్‌బోర్న్ నుంచి కారులో గంట పైచిలుకు | పెర్త్ నుంచి సుమారు 3 గంటలు | కాన్‌స్టాన్షియా తోటలు నగరంలోనే, హెర్మానస్ గంటన్నర | లిస్బన్ నుంచి గంటలోపు |
| బీచ్‌కు మంచి నెలలు | డిసెంబరు–మార్చి | నవంబరు–ఏప్రిల్ | నవంబరు–మార్చి | జూన్–సెప్టెంబరు |
| పేరున్న వైన్ | పినో న్వార్, షార్డొనే | కాబర్నే సావిన్యాన్, షార్డొనే | షెనిన్ బ్లాంక్, పినోటాజ్ | తియ్యటి మస్కటెల్ |
| గోల్ఫ్ | నాలుగింటిలో మేటి | పర్వాలేదు | చాలా బాగుంటుంది, గాలితో పోరు | తక్కువే అయినా మంచిది |
| నీళ్లు | ఒక వైపు శాంతం, ఒక వైపు ప్రమాదం | ఉత్తరపు బీచ్‌లు శాంతం | ఎక్కువ చోట్ల బాగా చల్లన | శాంతం, చల్లన |
| మన తిండి | దారిలోనే దొరుకుతుంది | వండుకోవాలి | మసాలా దొరుకుతుంది | శాకాహారులకు కష్టం |
| చేతికి తగిలే ఖర్చు | ఎక్కువ | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |

మార్నింగ్టన్ పెనిన్సులా

కొడుకో కూతురో మెల్‌బోర్న్‌లో ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. నగరానికి దక్షిణాన బూటు ఆకారంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూమి ఇది. లోపలి వైపు పోర్ట్ ఫిలిప్ అఖాతం, బయటి వైపు బాస్ జలసంధి. మధ్యలో రెడ్ హిల్, మెయిన్ రిడ్జ్ గుట్టల మీద ద్రాక్ష తోటలు.

ఈ రెండు సముద్రాల తేడా తెలియకుండా అక్కడికి పోకూడదు. అఖాతం వైపు రోజ్‌బడ్, రై, డ్రొమానా లాంటి చోట్ల చాలా దూరం దాకా మోకాటి లోతే, పసిపిల్లల్ని కూడా దింపొచ్చు. గట్టు మీద రంగురంగుల చెక్క గదులు వరసగా కనిపిస్తాయి. అక్కణ్నుంచి కారులో కాసేపు పోతే బయటి సముద్రం. చూడ్డానికి బ్రహ్మాండం, దిగడానికి కాదు. 1967 డిసెంబరు 17న ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ పోర్ట్‌సీ దగ్గరి చెవియట్ బీచ్‌లో ఈతకు దిగి మళ్లీ కనిపించలేదు, శవం కూడా దొరకలేదు. ఈత బాగా వచ్చినాయన గతే అదైతే, తూపిలిపాళెంలో కాళ్లు తడుపుకుని వచ్చేవాళ్లం మనమెంత! ఆస్ట్రేలియాలో ఎక్కడైనా సరే, లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగాలి.

గోల్ఫ్ వరకే అయితే నా ఓటు కళ్లు మూసుకుని ఇక్కడికే. కేప్ షాంక్ చుట్టుపక్కల ఇసుక దిబ్బల మీద సహజంగా ఏర్పడిన ఎత్తుపల్లాల్లో మైదానాలున్నాయి. సెయింట్ ఆండ్రూస్ బీచ్ మైదానాన్ని టామ్ డోక్ రూపొందించారు. మూనా లింక్స్, ది డ్యూన్స్ కూడా పక్కపక్కనే. ఈ మూడింట్లో బయటివాళ్లు డబ్బు కట్టి ఆడొచ్చు. ది నేషనల్ మాత్రం క్లబ్బు మెంబర్లకు, వాళ్ల అతిథులకు. సాయంత్రం ఆటకు వెళ్తే మధ్యలో కంగారూలు అడ్డొస్తాయి, వాటిని అదిలించే పని పెట్టుకోకుండా ఆగడమే మంచిది.

అల్లుడు ఆడుతున్నంతసేపు మిగతావాళ్లకు పని దొరకడం ఇక్కడ పెద్ద సుఖం. ఫింగల్ అనే చోట వేడినీటి బుగ్గల స్నానాల కేంద్రం ఉంది. గుట్ట వాలు మీద ఒకదాని పైన ఒకటి తొట్లు, నాయన మోకాళ్ల నొప్పికి హాయిగా ఉంటుంది. స్విమ్ సూట్ తప్పనిసరి కాబట్టి అమ్మకు ఒంటినిండా కప్పే స్విమ్ డ్రెస్ చెన్నైలోనే కొనిపెట్టండి. ఆర్థర్స్ సీట్ కొండకు రోప్‌వే ఉంది. వేసవిలో మెయిన్ రిడ్జ్ దగ్గర తోటలోకి వెళ్లి స్ట్రాబెర్రీలు మనమే కోసుకోవచ్చు. తాగనివాళ్లకు వైన్ తోటలో కూడా కాలక్షేపమే. పాయింట్ లియో ఎస్టేట్‌లో సముద్రం కనిపించే మైదానంలో శిల్పాల పార్కు నడిచి చూడొచ్చు.

తిండికి వస్తే, ఇక్కడి వైనరీల్లో మధ్యాహ్న భోజనం పెద్ద వ్యవహారం. చాలా చోట్ల ముందే నిర్ణయించిన వరస వంటకాలు, ఒక్కో ప్లేటులో చిటికెడు. శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెప్పాలి. గుడ్డు కూడా తినం అని విడిగా చెప్పాలి, లేకపోతే గుడ్డు వస్తుంది. ఇంత చెప్పినా అమ్మకు తృప్తి ఉండదు. దానికి మందు దారిలోనే ఉంది. మెల్‌బోర్న్ నుంచి పెనిన్సులాకు వెళ్లే దారికి దగ్గర్లో క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం ఉంది. పొద్దున దర్శనం, అక్కడే క్యాంటీన్‌లో టిఫిను, ఆ తర్వాత సముద్రం. ఈ వరసలో చెబితే ప్రయాణానికి అభ్యంతరం చెప్పే పెద్దవాళ్లు తక్కువ.

లోపం ఏమిటంటే జనం. క్రిస్మస్ నుంచి జనవరి చివరిదాకా అక్కడి బడి సెలవులు. సొరెంటో, పోర్ట్‌సీ రోడ్లు బ్రహ్మోత్సవాల్లో అలిపిరి లాగే కదలవు, గదుల అద్దెలు కొండెక్కుతాయి. సంక్రాంతికి కాకుండా ఫిబ్రవరి మూడో వారం తర్వాత పోగలిగితే ఎండ ఉంటుంది, రద్దీ ఉండదు, కోత కూడా చూడొచ్చు.

మార్గరెట్ రివర్

ఇక్కడి వైన్ కథ ఒక గుండె డాక్టరుతో మొదలవుతుంది. ఈ నేల, వాతావరణం ద్రాక్షకు పనికొస్తాయని జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త 1960లలో రాశారు. దాన్ని నమ్మి పెర్త్‌లోని కార్డియాలజిస్టు టామ్ కలిటీ 1967లో వాస్ ఫీలిక్స్ తోట వేశారు. ఇప్పుడు కాబర్నే అంటే ఆస్ట్రేలియాలో మొదట వినిపించే పేర్లలో ఇదొకటి. చిత్తూరు రైతులకు ఆసక్తి కలిగించే సంగతి పక్షులది. అక్కడి మర్రీ అనే చెట్టు బాగా పూసిన ఏడు పిట్టలు ఆ తేనెకు పోతాయి, పూత లేని ఏడు ద్రాక్ష మీద పడతాయి. అందుకే కోత ముందు తోటంతా తెల్లటి వలలు కప్పి కనిపిస్తుంది.

చెన్నై నుంచి సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారి పెర్త్‌కు పోవడం నాలుగింటిలో అలసట తక్కువ ప్రయాణం. టైము తేడా రెండున్నర గంటలే, దిగిన రోజే మామూలుగా తిరగొచ్చు. తీరా చూస్తే అది మన నెల్లూరు తీరాన్ని కలిపే హిందూ మహాసముద్రానికే అవతలి అంచు. మన వైపు సముద్రంలో సూర్యోదయం చూస్తాం, అక్కడ సూర్యాస్తమయం.

బీచ్‌ల విషయంలో దిక్కు చూసుకోవాలి. పడమటి తీరం సర్ఫింగ్ చేసేవాళ్లది. ప్రెవెల్లీ దగ్గరి అలల మీద ప్రపంచస్థాయి పోటీలు జరుగుతాయి, గట్టు మీద కూర్చుని చూడ్డం మన పని. ఈదాలంటే ఉత్తరం వైపు తిరిగి ఉన్న మీలప్, బంకర్ బే బీచ్‌లకు పోవాలి. హామెలిన్ బే ఒడ్డున మోకాటి లోతు నీళ్లలోకి పెద్ద టేకు చేపలు (స్టింగ్‌రే) వచ్చి తిరుగుతుంటాయి. ముట్టుకోకుండా చూస్తే ఏమీ అనవు. బసెల్టన్‌లో 1841 మీటర్ల పొడవున్న చెక్క జెట్టీ మీద చిన్న రైలు నడుస్తుంది, చివర సముద్రం అడుగుకు మెట్లు దిగి చేపల్ని చూసే గది ఉంది. పిల్లలకు ఇదొక్కటి చాలు. పెద్దవాళ్లకు సున్నపురాయి గుహలున్నాయి. బొర్రా గుహల్లో మెట్లకే ఆయాసపడ్డవాళ్లు మామత్ గుహ ఒక్కటి చూసి ఆగితే మంచిది.

అల్లుడికి మాత్రం ఇక్కడ కొంచెం నిరాశే. డన్స్‌బరోలో, మార్గరెట్ రివర్ ఊళ్లో మైదానాలున్నాయి, సరదా ఆటకు చాలు. గోల్ఫ్ కోసమే ఇంతదూరం వచ్చిన మనిషికి చాలవు. తిండి కూడా అంతే. చిన్న ఊళ్లు, రాత్రి తొందరగా మూసేస్తారు. వంటగది ఉన్న బస తీసుకుని, పెర్త్‌లోనే ఇండియన్ స్టోర్‌లో బియ్యం, పప్పు, పెరుగు కొనుక్కుని బయల్దేరాలి. వంట చేసుకోవడం సెలవే కాదనుకునే ఇల్లాలు ఉంటే ఈ ఊరు వద్దు. ఆమె మాట వినండి.

కేప్ టౌన్, కాన్‌స్టాన్షియా, హెర్మానస్

పులికాట్‌లో కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీయే కేప్‌లో ద్రాక్ష నాటించింది. తొలి వైన్ 1659లో తీశారు. 1685లో సైమన్ వాన్ డెర్ స్టెల్ అనే కేప్ పాలకుడు కాన్‌స్టాన్షియా ఎస్టేట్ పెట్టాడు. సెయింట్ హెలినా దీవిలో బందీగా ఉన్న నెపోలియన్‌కు ఇక్కడి తియ్యటి వైన్ పంపేవారు. మిగతా మూడు చోట్లా వైన్ కోసం నగరం దాటి పోవాలి, ఇక్కడ తోట నగరంలోనే ఉంది. పొద్దున టేబుల్ మౌంటెన్, మధ్యాహ్నం ద్రాక్షతోట, సాయంత్రం బీచ్ ఒకే రోజులో కుదురుతాయి.

ఖర్చు పరంగా మనకు కాస్త గాలాడే చోటు ఇదొక్కటే. ఆస్ట్రేలియా డాలరు 50 రూపాయల పైమాట, యూరో 90 పైమాట. దక్షిణాఫ్రికా ర్యాండ్ నాలుగు నుంచి ఆరు రూపాయల మధ్యలో ఆడుతుంటుంది. అందువల్ల మంచి రెస్టారెంట్‌లో కూర్చుని బిల్లు వచ్చేటప్పుడు టెన్షన్ పడక్కర్లేదు. విమానం టికెట్ మాత్రం తక్కువేం కాదు. దుబాయ్, దోహాల మీదుగా పోవడం సులువు. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా చవగ్గా దొరికినా ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడగొచ్చు, టికెట్ కొనేముందే ఆ సంగతి చూసుకోవాలి.

తిండిలో కారం తగిలేది ఇక్కడే. బో కాప్ పేటలో కేప్ మలయ్ వంటలు దొరుకుతాయి. కూరల్లో ధనియాలు, జీలకర్ర, పసుపు అన్నీ ఉంటాయి, పైన ఆప్రికాట్ జామో ఎండుద్రాక్షో వేసి తియ్యగా చేస్తారు. రాయలసీమ నాలుకకు మొదటి ముద్ద విచిత్రంగా ఉంటుంది, మూడో ముద్దకు అలవాటవుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండేది డర్బన్‌లో. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ కూలీలను తీసుకుని అక్కడికే చేరింది. ఆ తర్వాత వెళ్లినవాళ్లలో, చిత్తూరు అప్పట్లో కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది ఉన్నారు. డర్బన్ కేప్ టౌన్‌కు విమానంలో రెండు గంటల దూరం, అదే పనిగా పోవాలి.

గోల్ఫ్‌కు హెర్మానస్ ఊరు చక్కటి ఏర్పాటు. మైదానం ఊళ్లోనే, కొండకింద ఉంటుంది. ఆడేవాళ్లు అక్కడ, మిగతావాళ్లు సముద్రం గట్టున రాతి అంచు వెంబడి వేసిన కాలిబాట మీద. ఆగస్టు నుంచి నవంబరు మధ్య అయితే ఆ గట్టు మీద నుంచే తిమింగలాలు కనిపిస్తాయి, పడవ కూడా ఎక్కక్కర్లేదు. తిమింగలం వచ్చిందని ఊరికి చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. ఎండబెట్టిన సముద్రపు నాచు గొట్టాన్ని బూరలా ఊదుకుంటూ తిరుగుతాడు. మన దసరా సెలవులకు సరిగ్గా సరిపోతుంది. ఊరి వెనక హెమెల్ ఎన్ ఆర్డె లోయలో పినో న్వార్ తోటలున్నాయి. దారిలో క్లైన్‌మాండ్ దగ్గర అరబెల్లా రిసార్ట్ మైదానం చెరువు పక్కన ఉంటుంది. అక్కడ బస చేస్తే ఆట ముగించుకుని నడిచే గదికి రావొచ్చు.

తాగేవాళ్లకు, తాగనివాళ్లకు కలిపి నచ్చేది ఫ్రాన్స్‌హూక్ వైన్ ట్రామ్. ట్రామ్, బస్సు మారుతూ తోట తోటకూ దిగొచ్చు, ఎక్కొచ్చు. డ్రైవింగ్ బాధ లేదు, అమ్మకు కొండలు చూసుకుంటూ కూర్చునే సీటు దొరుకుతుంది. సముద్రం వైపు లేదు గానీ కేప్ టౌన్ నుంచి గంట దూరమే.

ఇక కష్టాలు. క్లిఫ్టన్, క్యాంప్స్ బే ఫొటోల్లో చూసి మోసపోకండి. నడి వేసవిలో కూడా నీళ్లలో పాదం పెట్టగానే ఎముకల్లోకి చలి ఎక్కుతుంది. ఈదాలంటే ఫాల్స్ బే వైపు మ్యూజెన్‌బర్గ్ నయం. సైమన్స్ టౌన్ దగ్గర బౌల్డర్స్ బీచ్‌లో పెంగ్విన్లను చూడొచ్చు. డిసెంబరు, జనవరిల్లో ఆగ్నేయం నుంచి వీచే గాలికి టోపీలు, గోల్ఫ్ బంతులు రెండూ లెక్క తప్పుతాయి. భద్రత విషయంలో నగరంలో చీకటి పడ్డాక నడక వద్దు, కారు సీటు మీద బ్యాగు వదలొద్దు, సెల్‌ఫోన్ చేతిలో ఆడించుకుంటూ రోడ్డు మీద నిలబడొద్దు. ఇది విని నాయన రాత్రుళ్లు నిద్రపోడు అనిపిస్తే వేరే చోటు చూడటమే నయం.

సెటూబల్

వేసవి సెలవులు తప్ప ఇంకో దారి లేనివాళ్లకు ఇదే. లిస్బన్‌కు దక్షిణాన, నది దాటి గంటలోపు. అజెయ్‌తావ్ అనే చిన్న ఊళ్లో 1834 నుంచి ఉన్న జోసె మరియా ద ఫాన్సెకా వైన్ ఇల్లు ఉంది. ఇక్కడి ప్రత్యేకత మస్కటెల్. పులుస్తున్న ద్రాక్షరసంలో బ్రాందీ కలిపి పులియడాన్ని మధ్యలో ఆపేస్తారు, అందుకని తీపి మిగిలిపోతుంది. నారింజ తొక్క, తేనె వాసనలు వస్తాయి. కాస్త ఘాటు కాబట్టి చిన్న గ్లాసే. వైన్ వగరు పడనివాళ్లకు మొదటి పరిచయం దీంతో చేయించడం తెలివైన పని.

అర్రాబిదా కొండల కింద బీచ్‌ల నీళ్లు అద్దంలా ఉంటాయి, అల చిన్నది, చల్లదనం మాత్రం ఉంటుంది. వేసవిలో ఆ కొండదారిలో కార్లను కట్టడి చేస్తారు, బస్సులో దిగడం మేలు. ఎదురుగా ట్రోయా ఇసుక మేటకు సెటూబల్ నుంచి ఫెర్రీ ఉంది. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ రూపొందించిన మైదానం అక్కడిదే. అల్లుడు బంతి కొడుతుంటే మిగతావాళ్లు పక్కనే రోమన్ల కాలం నాటి చేపలు ఊరవేసే తొట్ల శిథిలాలు చూడొచ్చు. అంటే ఉప్పు చేపల వ్యాపారం మనకే కాదు వాళ్లకూ పాతదే. సాదో నది ముఖద్వారంలో డాల్ఫిన్లు కాపురముంటాయి.

శాకాహారులకు ఇదే కష్టమైన చోటు. ఊరి గొప్ప వంటకం వేయించిన కటిల్‌ఫిష్, ఆ తర్వాత కాల్చిన సార్డీన్లు. మనకు మిరపకాయ తెచ్చిచ్చిన పోర్చుగీసు వాళ్ల కూరలో మిరప వెతుక్కోవాల్సి రావడం విచిత్రమే. ఒక ఊరట ఉంది. అజెయ్‌తావ్ గొర్రెపాల చీజ్‌ను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడరు, ఒక రకం ముళ్లపూలు నానబెట్టిన నీళ్లు వాడతారు. పై తొక్క మూతలా కోసి, లోపలి మెత్తటి ముద్దను చెంచాతో తీసి రొట్టె మీద పూసుకోవాలి. శాకాహారుల్లో చీజ్ తినేవాళ్లుంటే ఈ ఊళ్లో వాళ్లే అదృష్టవంతులు.

పోర్చుగల్‌కు కావాల్సిన షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్లు వేసవికి ముందు దొరకవు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, సంక్రాంతి కాగానే ఆ పని చూడాలి. కుడి వైపు డ్రైవింగ్ కాబట్టి ఇక్కడ కారు నేను సిఫారసు చేయను.

ఇంత దూరం ఎందుకంటే

అన్నీ ఒకే చోట మన దగ్గర దొరకవు, ముక్కలుగా దొరుకుతాయి. బెంగళూరు పైన నంది హిల్స్ కింద గ్రోవర్ జంపా తోటలో టూరు, టేస్టింగ్ ఉన్నాయి. ఆ చుట్టుపక్కలే గోల్ఫ్ మైదానమూ ఉంది. సముద్రానికి మహాబలిపురమో పుదుచ్చేరో పోవాలి, అది వేరే వారాంతం. వైన్ తోట అంటే తనకు నచ్చుతుందో లేదో తేలని మనిషి లక్షలు పోసే ముందు నంది హిల్స్‌లో ఒక పూట చూసి రావడం లాభం.

ఎవరికి ఏది

పిల్లలు మెల్‌బోర్న్‌లో ఉండి, ఇంట్లో గోల్ఫ్ ఆడే మనిషి, గుడి కావాలనే మనిషి ఇద్దరూ ఉంటే మార్నింగ్టన్. మూడు రాత్రులు చాలు. కొత్తగా పెళ్లయిన జంటకు, చిన్నపిల్లల తల్లిదండ్రులకు, వండుకోవడానికి వెనకాడని వాళ్లకు మార్గరెట్ రివర్. నలుగురు స్నేహితులు కలిసి తిండి, గోల్ఫ్ కోసమే పోతుంటే కేప్, అందులో అనుమానం లేదు. వారం పైన పెట్టుకోండి. వేసవి సెలవులైతే సెటూబల్, దానికి లిస్బన్ జత చేసి. నడవలేని పెద్దవాళ్లుంటే కేప్‌ను, సెటూబల్‌ను పక్కన పెడతాను. ఒకచోట ఎత్తుపల్లాలు, భద్రత గురించి భయం, ఇంకోచోట రాళ్లు పరిచిన వీధులు, మెట్లు.

సంక్రాంతికి కుదిరి, ఏదీ తేల్చుకోలేకపోతే? నా మటుకు నేను జనవరి వదిలేసి మార్చికి జరుపుకుని కేప్ పోతాను. గాలి తగ్గుతుంది, కోత నడుస్తుంటుంది, ధరలు దిగుతాయి. పదో తరగతి పరీక్షలున్న ఇంట్లో ఈ సలహా పనికిరాదని తెలుసు.

బయల్దేరే ముందు

టేస్టింగ్‌లో ఒక్కో వైన్ రెండు గుక్కలే పోస్తారు. పక్కన ఉమ్మడానికి గిన్నె ఉంటుంది, వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు. రోజుకు మూడు తోటలు దాటితే నాలుక పనిచేయదు. ఆ మూడు దేశాల్లోనూ డ్రైవర్‌కు రక్తంలో ఆల్కహాలు పరిమితి 0.05 శాతం, మన దగ్గర 0.03. ఎక్కడైనా సరే నడిపేవాళ్లు అసలు రుచి చూడకపోవడమే పద్ధతి, లేదా వ్యాన్ మాట్లాడుకోవాలి. మన కారపు వంటలతో వగరెక్కువున్న ఎర్ర వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ లాంటి తెల్లవి నయం.

ఆస్ట్రేలియా పోయేవాళ్ల పెట్టెలో లడ్డూ ప్రసాదం ఉండకుండా ఉండదు. విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారాలున్నాయని తప్పకుండా రాయాలి. పాలు, నెయ్యి పడిన మిఠాయిలు, తాజా కరివేపాకు, విత్తనాలు వాళ్లు ఆపేయొచ్చు. రాస్తే పోయేది ఆ లడ్డూ ఒక్కటే, రాయకపోతే జరిమానా కూడా.

తిరుగు ప్రయాణంలో ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చెన్నైలో దిగి నేరుగా కొండకు పోయి మొక్కు తీర్చుకుందామని మాత్రం అనుకోకండి. అలిపిరి దగ్గర సామాను తనిఖీ ఉంటుంది, కొండ మీదికి మద్యం నిషేధం. సీసాలు ముందు ఇంట్లో దించి, ఆ తర్వాతే కొండెక్కండి.